నీలి పూసలు, నల్ల పూసలు

నవంబర్ 1, మంగళవారం

ఉదయం 6:10. బాత్రూం గచ్చు పగులులో మూడు నీలి చుక్కలు. చీమ ఒకటి వచ్చింది. ఒక చుక్కను నోట కరుచుకుని రెండడుగులు మోసింది, వదిలేసి వెళ్ళిపోయింది. చక్కెర కాదని దానికి రెండడుగుల్లో తెలిసింది. నాకు ఆరేళ్ళు పట్టింది.

అవి నా ఫేస్‌వాష్‌లోని పూసలు. ట్యూబు వెనక, చదవకూడదన్నంత సన్నటి అక్షరాల్లో, పాలిథిలీన్ అని ఉంది. ప్లాస్టిక్. ముఖం మీద రుద్దుతాం, కడుగుతాం, మోరీలోకి పోతుంది. మోరీ నుంచి కాలవకు, కాలవ నుంచి చెరువుకు. కరగదు. చేపగుడ్డు అనుకుని చేప తింటుంది.

మేళ్లచెరువులో ముఖం రుద్దుకోని మనిషి లేడు. సిమెంటు ఊరు. పొద్దున తుడిచిన కిటికీ అద్దం మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. ఊరంతా ఇలా రుద్దుకుంటే చెరువు సంగతేమిటి?

తీర్మానం. ఇరవై ఒక్క రోజులు.

1. పూసల ఫేస్‌వాష్ ముట్టను.
2. మా ఎనిమిదో తరగతి పిల్లలు ముప్పై రెండు మంది ఇళ్ళలోనూ మాన్పిస్తాను.
3. పంతొమ్మిదో తేదీన మైకులో పది నిమిషాలు మాట్లాడతాను.

మూడోది నా ఆలోచన కాదు, మా హెడ్‌మాస్టరు దివాకర్ సార్‌ది. నిన్న పిలిచి చెప్పారు:

“బుష్రా మేడం, మీ గొంతు మూడో బెంచీ కాడ్నే ఆగిపోతాంది. నాలుగో బెంచోళ్ళు మీ చెయ్యి సూసి పాసైతున్నరు. పంతొమ్మిదిన తల్లిదండ్రుల మీటింగ్. ఏదన్న సైన్సు ముచ్చట మైకుల పది నిమిషాలు చెప్పున్రి. వాళ్ళకు సమజైందా, ఎనిమిదో తరగతి మీదే. కాలేదా, యూకేజీ.”

యూకేజీ అంటే ఏనుగులా నడవాలి, కప్పలా దూకాలి, పాడుతూ. నాకు ఎనిమిదో తరగతే కావాలి. అందులో భాగ్యలక్ష్మి ఉంది. మొన్న “టీచర్, చెట్టుకు నిద్రొస్తదా?” అని అడిగిన పిల్ల. ఆ ప్రశ్నకు జవాబు ఇంకా బాకీ.

నవంబర్ 2, బుధవారం

ఉదయం. శెనగపిండి, పెరుగు. ముఖం పట్టులా ఉంది! ఇంత సులువా!

ట్యూబును ఏం చేయాలి? పారేస్తే చెత్తకుప్పకు, వానొస్తే చెరువుకు. వాడితే మోరీకి, మోరీ నుంచి చెరువుకు. ఎటు తిరిగినా చెరువే. బీరువాలో పెట్టి తాళం వేశాను.

సాయంత్రం. శెనగపిండి డబ్బా ఖాళీ. అమ్మీ మిర్చి బజ్జీలు వేసింది.

బజ్జీలు బాగున్నాయి. ఆరు తిన్నాను.

నవంబర్ 3, గురువారం

పెసరపిండి. ముఖం మీద ఎండి బిగిసింది. నవ్వలేకపోయాను. బళ్ళో ఎవరూ తేడా గమనించలేదు.

గడ్డం మీద మొటిమ. ఒకటే. ఫికర్ లేదు.

నవంబర్ 4, శుక్రవారం

మొదటి పాఠం! కావలసినవి: బేసిన్, మగ్గు నీళ్ళు, తెల్ల దస్తీ, ట్యూబు (బీరువాలోంచి, విద్య కోసం).

ట్యూబు వెనక ఉన్నది భాగ్యలక్ష్మి చేత గట్టిగా చదివించాను. పాలిథిలీన్ అంటే కరగని ప్లాస్టిక్ అని బోర్డు మీద రాశాను. కొంచెం ఫేస్‌వాష్ నీళ్ళలో కలిపి దస్తీలో వడకట్టాను. తెల్ల గుడ్డ మీద నీలి చుక్కలు, లెక్కలేనన్ని. తరగతి అంతా లేచి వచ్చింది. నాలుగో బెంచీ కూడా.

“ఛీ” అంటారనుకున్నాను.

“అబ్బ! ఎంత మంచిగున్నయ్ టీచర్! ముత్యాల లెక్క!”

“వాసన సూడు, వాసన!”

“మీరు గిదే రుద్దుకుంటరా టీచర్?”

“ఇన్నాళ్ళూ రుద్దుకున్నాను,” అన్నాను. ‘ఇప్పుడు మానేశాను’ అనేలోపు గంట కొట్టారు.

“గందుకే గింత నున్నగున్నరు!” అంది భాగ్యలక్ష్మి తలుపు దగ్గర్నుంచి.

మొటిమను ఎవరూ చూడలేదన్నమాట. సంతోషించకూడదు. సంతోషించాను.

దస్తీ మీది పూసలు దులిపి చిన్న సీసాలో పోశాను. మీటింగులో చూపించడానికి.

నవంబర్ 5, శనివారం

బడి ఎదురుగా ఫ్యాన్సీ స్టోర్ గులాం నబీ మామూది, అంటే అమ్మీ తమ్ముడిది. పొద్దున అట్ట మీద స్కెచ్ పెన్నుతో బోర్డు:

సైన్సు టీచరు చూపించిన నీలిపూసల ఫేస్‌వాష్ ఇచ్చట లభించును.

“మామూ, నేను వద్దని చూపించాను!”

“నువ్వు వద్దన్నవో, కావాలన్నవో, నాకైతే సమజ్ గాలే బేటీ. పొద్దుగాల్నుంచి పిలగాండ్లు ఒకటే గిరాకీ. చిన్న ప్యాకెట్లు ఒడిసినయ్. సోమవారం ఇంకేం పాఠం చెప్తవో జర ముందుగాల్నే చెప్పు, సరుకు తెప్పిస్త.”

ఒక్క పాఠం. ఇరవై ఎనిమిది మంది కొత్త వాడకందార్లు. తీర్మానానికి ముందు తరగతిలో ఫేస్‌వాష్ ఉన్నది నలుగురికే.

నవంబర్ 7, సోమవారం

అమ్మీ ఆదివారం నా సీసా చూసి సబ్జా గింజలనుకుంది. షర్బత్ కోసం గిన్నెలో నానబెట్టింది. ఈ పొద్దుటికీ ఉబ్బలేదు. దుకాణంలో మోసం చేశారని గిన్నె పట్టుకుని తమ్ముడి మీదికి పోయింది. ఆయన తాను అమ్మిన సబ్జా మంచిదేనని ఒట్టు వేశాడు. ఇద్దరూ పావుగంట అరుచుకున్నారు. నేను వెళ్ళి గిన్నె తెచ్చుకున్నాను.

అమ్మీ తిట్టేది ఉర్దూలో, నేను రాసేది తెలుగులో. సగం తిట్లు దారిలో జారిపోయాయి. మిగిలినవి కూడా చాలినన్ని ఉన్నాయి.

మొటిమలు: మూడు.

నవంబర్ 9, బుధవారం

ఉదయం. ట్యూబు. ఒక్క చుక్క. బేసిన్‌లోనే కడిగి, నీళ్ళు వడకట్టి, పూసలు సీసాలో వేశాను. మోరీలోకి ఒక్కటీ పోలేదు. కాబట్టి ఇది లెక్కలోకి రాదు.

మధ్యాహ్నం. కొత్త దారి! చూపించడం మానేసి, రాయిస్తాను. పిల్లలకు రోజూ హోంవర్కు రాసుకునే స్కూలు డైరీ ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళు చూసి సంతకం పెట్టాలి. అందులో రాయిస్తే ఒకే రోజు ముప్పై రెండు ఇళ్ళు!

ముందు కాగితం మీద రాసుకున్నది:

ప్లాస్టిక్ పూసలున్న ఫేస్‌వాషులు హాని. ఇంట్లో ఎవరి దగ్గరున్నా ఈ రోజే తీసేయించండి.

పొడవుగా ఉంది. కాన్వెంట్‌లో మా సిస్టర్ చెప్పేది: ఒక మాట లేకపోయినా వాక్యం నిలబడితే, ఆ మాటను తీసెయ్. తీసేశాను. బోర్డు మీద రాసింది:

పూసలు హాని. ఇంట్లో ఎవరి దగ్గరున్నా ఈ రోజే తీసేయించండి. — బుష్రా టీచర్

చక్కగా ఉంది. పిల్లలు దించుకున్నారు. ముమ్మారు గట్టిగా చదివారు. ఇంత తృప్తి ఈ మధ్య కలగలేదు.

నవంబర్ 10, గురువారం

ఉదయం 8:50. బడి గేటు దగ్గర గొర్రెలు. నలభైకి తక్కువ ఉండవు. వాటి మధ్యలోంచి భాగ్యలక్ష్మి వాళ్ళమ్మ సోమమ్మ. మెడలోని నల్లపూసల దండ పిడికిట్లో పట్టుకుని నేరుగా ఆఫీసు గదిలోకి వచ్చింది.

“ఏం టీచరమ్మా! నా పూసలు దీయిమని నా బిడ్డతోని సీటి పంపుతవా? నా మొగడు సచ్చిండనుకున్నవా?”

వెనక్కి చెయ్యి చాచి ఒక మనిషిని ముందుకు లాగింది. సన్నటి మనిషి, భుజాన తెల్ల తువ్వాల.

“గీయనెవరు? సూడు! మంచిగ సూడు!”

“బతికే ఉన్న సారూ,” అన్నాడు భిక్షం, దివాకర్ సార్‌తో.

“కనవడ్తాంది,” అన్నారు సార్.

“రాత్రి పోరి సంతకం వెట్టమంటె వెట్టిన సారూ. నాకు సదువు రాదాయె. ఏం రాసుందో నాకేమెరుక?”

“నీ సావుకు నువ్వే సంతకం వెట్టినవ్!” అంది సోమమ్మ.

భిక్షం తన వేళ్ళ వైపు చూసుకున్నాడు.

“అవి ఈ పూసలు కావమ్మా,” అన్నాను.

“మరే పూసలు?”

చెప్పాలి. ఒక్క మాట చెబితే అయిపోయేది. ఈలోపు ఒక గొర్రె లోపలికి వచ్చి హాజరు పట్టీ అంచు నమిలింది. సార్ కేక వేశారు. నా వంతు పోయింది.

ఉదయం 10:30. ఇంకా తొమ్మిది మంది తల్లులు. ముగ్గురు భర్తలను తోలుకొచ్చారు, సాక్ష్యానికి. డైరీలు తెప్పించి చూశాం. ఇరవై ఆరు మంది తండ్రులు సంతకం పెట్టారు. ఒకాయన సంతకం కింద ‘అట్లనే’ అని కూడా రాశాడు. ఆ ఇంటి పరిస్థితి తలుచుకుంటే భయంగా ఉంది.

దివాకర్ సార్: “మేడం, ఇగ ఒక్క ముక్క గూడ డైరీల రాసి పంపొద్దు. పంతొమ్మిదిన మైకుల మీరే జెప్పున్రి. సమజైతే సరే. లేకుంటే ఎనిమిదో తరగతి గాదు, నాకు బడే ఉండది.”

సాయంత్రం. ఇంటికి వచ్చేసరికి అమ్మీ మంచం మీద కూర్చుని ఉంది. కబురు నా కంటే ముందు వచ్చింది. అమ్మీ మెడలో కూడా నల్లపూసల లచ్ఛా ఉంటుంది. నికా నాటిది.

“మీ అబ్బా సిమెంటు లారీ మీద ఎక్కడెక్కడికో పోతాడు. ఆయన మంచిగ తిరిగి రావాలని నేను స్నానంలో కూడా ఇది తీయను. ఊరందరి మెడలో పూసలు తెంపమంటావా? నిన్ను కాన్వెంట్‌కు ఇందుకే పంపానా?”

ముఖానికి రాసుకునే దాంట్లో ఉండే పూసల గురించి చెప్పానని అన్నాను.

అమ్మీ నా గడ్డం పట్టుకుని మొటిమలు చూసింది. “ముఖానికి రాసుకునే దాంట్లో పూసలెందుకుంటాయి?”

ఇది చాలా మంచి ప్రశ్న. అంతకంటే మంచి ప్రశ్న నేను ఇంతవరకు ఎక్కడా చదవలేదు. కాని అమ్మీ జవాబు కోసం అడగలేదు. పిచ్చిదానివి అనడానికి అడిగింది.

నవంబర్ 11, శుక్రవారం

మామూ దుకాణం ముందు ఆడవాళ్ళ గుంపు. అన్నీ నల్లపూసల దండలే బేరం. ఒక్కొక్కరు రెండేసి, మూడేసి కొంటున్నారు. ఉన్నదానికి తోడు, గట్టి జాగ్రత్త కోసం.

మామూ చేతులు జోడించాడు. “బేటీ, ఫేస్‌వాష్ కంటె ఎక్కువ పోతున్నయ్. అల్లా నిన్ను సల్లగ సూడాలె. వచ్చేవారం గాజుల మీద ఏమన్న రాస్తవా?”

మొటిమలు: లెక్క పెట్టడం మానేశాను.

నవంబర్ 14, సోమవారం

ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. బేసిన్‌లోనే.

నవంబర్ 15, మంగళవారం

మూడుసార్లు. రెండోసారి బేసిన్ బడిలో ఉంది. మోరీలోకే పోయింది. కొద్దిగా. దిగులుగా ఉన్నప్పుడు ముఖం కడుక్కోవడం సహజం.

నవంబర్ 17, గురువారం

ట్యూబు అయిపోయింది. మామూ దగ్గరికి అమ్మీ ఓణీ ముసుగు వేసుకుని వెళ్ళాను. “ఒకటి,” అన్నాను గొంతు మార్చి.

“ఎవరికి బేటీ?” అన్నాడు.

“ప్రయోగానికి.”

మీటింగుకు ప్రసంగం రాశాను. ఆరు పేజీలు. చాలా బాగా వచ్చింది. అద్దం ముందు మౌనంగా చదువుకున్నాను. సరిగ్గా పది నిమిషాలు.

నవంబర్ 19, శనివారం. మీటింగ్

పోయిన మీటింగుకు పదకొండు మంది వచ్చారు. ఈసారి కుర్చీలు చాలక టెంట్ హౌస్ నుంచి తెప్పించారు. ఆడవాళ్ళందరూ దండలు చీర మీదికి తీసి వేసుకున్నారు, కనబడేలా. కొందరికి నాలుగు వరసలు. మొదటి వరసలో సోమమ్మ, పక్కన భిక్షం. ఇవాళ భిక్షానికి బొట్టు పెట్టి, తెల్లంగి తొడిగి తెచ్చింది. మూడో వరసలో అమ్మీ, నా వైపు చూడకుండా.

దివాకర్ సార్ మైకు ఇచ్చి వెళ్ళి గోడకు ఆనుకున్నారు.

“హలో,” అన్నాను.

బాగా వినబడింది. అందరూ ముందుకు వంగారు.

ఆరు పేజీలు చేతిలో ఉన్నాయి. మొదటి వాక్యం. మొదటి మాట. నోరు తెరిచాను.

రాలేదు.

“ఇనొస్తలేదు టీచరమ్మా!”

“మైకు ఖరాబైంది గావచ్చు.”

సార్ వచ్చి మైకు మీద తట్టారు. టక్ టక్. మైకు బాగానే ఉంది. నేను మళ్ళీ నోరు తెరిచాను. నాకు తెలిసి రెండు నిమిషాలు. సార్ గోడ దగ్గర కళ్ళు మూసుకున్నారు. ఆయన మూసిన కళ్ళ మీద నాకు యూకేజీ కనబడింది, ఏనుగు, కప్ప, అన్నీ.

మైకు కింద పెట్టేశాను. బల్ల మీద బేసిన్ ఉంది, నీళ్ళున్నాయి, సంచిలో ట్యూబు ఉంది. దస్తీ మాత్రం మరిచిపోయాను. ముఖం మీద అంత ఫేస్‌వాష్ వేసి రుద్దుకున్నాను, రెండు వందల మంది ముందు. బేసిన్‌లో కడుక్కున్నాను. కళ్ళు మండుతుండగానే మెట్లు దిగి, భిక్షం ముందు చెయ్యి చాచాను. ఆయన భయపడి తువ్వాల ఇచ్చేశాడు.

ఆ తువ్వాలలో నీళ్ళు వడకట్టాను. తెల్ల బట్ట మీద నీలి చుక్కలు. తీసుకెళ్ళి సోమమ్మ ఒళ్ళో పరిచాను.

సోమమ్మ చూపుడు వేలితో అద్దింది. బొటన వేలితో నలిపింది. పంటికింద పెట్టబోయి ఆగింది.

“గివేంది?”

“పూసలు,” అన్నాను.

“గివి పూసలా? దారం పోదు, బెజ్జం లేదు. గివి పూసలెట్లయితయ్ పిచ్చిదాన? గిది రవ్వ!” వెనక్కి తిరిగి, మైకు అక్కర లేని గొంతుతో అంది, “ఓయమ్మా, గిది రవ్వనట! మొకానికి రవ్వ రుద్దుకుంటున్నరట!”

“ప్లాస్టిక్ రవ్వ,” అంది భాగ్యలక్ష్మి. “కరగదు. నేను చదివిన, ట్యూబు ఎనక రాసుంది.”

“ఉబ్బది కూడా,” అంది అమ్మీ లేచి నిలబడి. “రాత్రంతా నానబెట్టి చూసిన.”

తువ్వాల చేతులు మారుతూ వెనక వరసల దాకా పోయింది. ఒకామె వాసన చూసింది. ఒకామె తన దండను ఎత్తి పట్టుకుని ఒక చుక్కను పక్కన పెట్టి పోల్చింది. “మరి గీ రవ్వంత యాడికి వోతది?” అని ఎవరో అడిగారు. నేను చెయ్యి చాచి చూపించాను. బడి మోరీ. అవతల కాలవ. ఆ అవతల చెరువు.

సోమమ్మ నా చెయ్యి పోయిన దిక్కు చూసింది. “ఆ నీళ్ళే గద నా గొర్లు తాగేటివి?”

తల ఊపాను.

“ఓ గులాం నబీ!” అని లేచింది. మీటింగ్ అక్కడితో ముగిసింది. అందరూ ఆమె వెంట రోడ్డు దాటారు. నా ప్రసంగం ఆరు పేజీలూ కుర్చీ మీద ఉండిపోయాయి. భిక్షం ఒక్కడే మిగిలాడు.

“టీచరమ్మా, నా తువ్వాల?”

ఉతికి ఇస్తానన్నాను. ఎక్కడ ఉతకాలో ఇప్పటికీ తోచడం లేదు.

సాయంత్రం. దివాకర్ సార్ పిలిచారు.

“అందరికి సమజైంది మేడం. గింత మంచిగ సమజ్ అయిన మీటింగ్ నా సర్వీసులనే లేదు.” సంతోషించాను. “గాని మీరు మాట్లాడలే. మాట్లాడింది సోమమ్మ. ఆమెకెట్లిస్త ఎనిమిదో తరగతి?” ఆయన పెన్ను మూత తీశారు, మళ్ళీ పెట్టారు. “జనవరిల ఇంకో మీటింగ్ ఉంది. అప్పటి దాక మీదే. గప్పుడు మాత్రం మాట్లాడాలె.”

నవంబర్ 20, ఆదివారం

మామూ కొత్త బోర్డు: రవ్వ లేని ఫేస్‌వాష్ ఇచ్చట లభించును. లోపల ట్యూబులు పాతవే. వెనకవైపు స్టిక్కర్ అతికించాడు. గొడవ పెట్టాను. “రవ్వ అని దాని మీద యాడ రాసుంది, సూపియ్యి,” అన్నాడు. నిజమే, ఎక్కడా రాసి లేదు. పాలిథిలీన్ అని ఉంది.

వేదిక మీద ఎలాగూ కడిగేశాను కదా అని ఇవాళ రెండుసార్లు. బేసిన్ లేకుండా. రాయకుండా ఉండలేను కాబట్టి రాస్తున్నాను.

నవంబర్ 21, సోమవారం

మొదటి రోజు. ఇరవై ఒక్క రోజులు.

1. పూసల ఫేస్‌వాష్ ముట్టను. రవ్వ ఫేస్‌వాష్ కూడా ముట్టను. రెండూ ఒకటే అని ఇక్కడ రాసి పెడుతున్నాను, రేపు వాదించకుండా.
2. ముప్పై రెండు ఇళ్ళు, ఒక దుకాణం.
3. జనవరిలో పది నిమిషాలు.

ఉదయం శెనగపిండి. ఈసారి డబ్బా నా బీరువాలో.

మధ్యాహ్నం ఎనిమిదో తరగతి. పాఠం మొదటి నుంచి మళ్ళీ మొదలు పెట్టాను. భాగ్యలక్ష్మి చదువుతానని లేచింది. కూర్చోమన్నాను, నేనే చదువుతానని. పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. గంట కొట్టేదాకా నిలబడ్డాను. ఎవరూ నవ్వలేదు. రేపు మళ్ళీ నిలబడతాను.

మూడోదాని గురించి ఒక సంగతి రాయాలి. ‘ప్లాస్టిక్’ అనే మాటను నేను ఈ బడిలో ఇంతవరకు ఒక్కసారి కూడా పలకలేదు. నాకు నత్తి.